టామ్ రాబిన్సన్ జాలిపడిన చోట మా క్లాసు ఆగింది. ఎలా ముందుకెళ్ళాలి?

ఇంగ్లిష్ మేడమ్, రాజాం

రాజాం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో సెకండియర్ పిల్లల చేత ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చదివిస్తున్నాను. హార్పర్ లీ నవల, 1960లో వచ్చింది. కథ 1930ల నాటి అలబామాలో జరుగుతుంది. సిలబస్‌లో లేదు, నా సరదా. చెయ్యని అత్యాచారానికి నల్లజాతి కూలీ టామ్ బోనెక్కుతాడు. తెల్ల లాయరు ఆటికస్ అతని తరఫున వాదిస్తాడు.

క్రాస్ ఎగ్జామినేషన్ పిల్లలకు తెగ నచ్చింది. టామ్ మీద ఆరోపణ చేసిన తెల్లపిల్ల మయెల్లా ముఖానికి దెబ్బలు కుడివైపు తగిలాయి. తండ్రి బాబ్ యూవెల్‌ది ఎడమచేతివాటం. టామ్ ఎడమచెయ్యేమో చిన్నప్పుడే పత్తి జిన్నులో పడి పనికిరాకుండా పోయింది. జూట్ మిల్లులున్న ఊరు మాది, మెషీన్‌లో చెయ్యి పడటమంటే ఏంటో వాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. “కేసు గెలిచేసినట్టే మేడమ్” అన్నారు వెనక బెంచీవాళ్ళు.

అప్పుడు ప్రాసిక్యూటర్ గిల్మర్ టామ్‌ని అడుగుతాడు, డబ్బులు తీసుకోకుండా ఆ పిల్లకి అన్ని పనులు ఎందుకు చేసిపెట్టావని. ఆమెని చూస్తే జాలేసింది, ఇంట్లో మిగతావాళ్ళ కంటే ఎక్కువ కష్టపడుతోంది అంటాడు టామ్. ఆ ముక్కతోనే కోర్టు హాల్లో గాలి మారిపోతుంది. నల్లవాడు తెల్లపిల్ల మీద జాలిపడటమా! మా క్లాసు అమ్మాయి ఒకతె లేచి, “జాలి పడ్డం కూడా తప్పేనేటి మేడమ్?” అంది.

తర్వాత, ఈ కథలో ఎవరి చోట ఉండాలనుకుంటారో రాయమన్నాను. దాదాపు అందరూ ఆటికస్ అనే రాశారు. టామ్ పేరు ఒక్కరూ రాయలేదు. జాలి పైవాళ్ళు కిందివాళ్ళకి ఇచ్చేదనే అనుకుంటున్నారని నాకు దిగులు.

ఇంకో సంగతి. వంగర మాకు దగ్గరే. 2012 జూన్ 12న ఆ మండలంలోని లక్ష్మీపేటలో మద్దువలస రిజర్వాయరు భూముల గొడవలో అయిదుగురు దళితులను చంపినప్పుడు ఈ పిల్లలు ఒకటో రెండో తరగతిలో ఉంటారు. రెండు పక్షాల కులాల పిల్లలూ నా క్లాసులోనే కూచుంటారు. ఆ మాట ఎత్తాలా, వద్దా?

రిటైర్డ్ వకీలు, విజయనగరం

అమ్మా, ముందు వాళ్ళ చేత తీర్పు రాయించండి. ఆ జ్యూరీ అంతా తెల్లవాళ్ళు, అంతా మగవాళ్ళు. కొన్ని గంటలు లోపల కూచుని వచ్చి ‘దోషి’ అన్నారు, కారణం చెప్పక్కర్లేదు. మనకిప్పుడు జ్యూరీ లేదు, జడ్జి కారణాలు రాయాల్సిందే. అందుకని టామ్‌కి శిక్ష వేస్తూనే రాయమనండి. ఏ సాక్షిని నమ్మారు, ఎందుకు నమ్మారు? ఆ పిల్లని డాక్టరుకి చూపించనే లేదు కదా, దానికేం రాస్తారు? రెండో పేరాకే చాలామంది పెన్ను పక్కన పెట్టేస్తారు. ఆగకుండా రాసుకుపోయినవాడి కాగితం మాత్రం క్లాసులో చదివించండి, పేరు చెప్పకుండా.

లక్ష్మీపేట జోలికి ఇప్పుడే పోకండి. కన్యాశుల్కం మన చేతిలోనే ఉందిగా. చచ్చిన మనిషే లేకుండా లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు నడిపారు, పెళ్ళికూతురేమో ఆడవేషం కట్టిన మహేశం!

బొబ్బిలి నుంచి

వకీలు గారూ, తీర్పు ఐడియా బాగుందండి. కానీ దాంతో న్యాయం తేలుతుంది, జాలి సంగతి తేలదు. భోజనానికి పిలిచిన పేదింటి కుర్రాడు అన్నీ కలిపి పాకం పోసుకుంటే ఆటికస్ కూతురు స్కౌట్ ఎగతాళి చేస్తుంది, వంటమనిషి కల్పూర్నియా ఆమెని వంటింట్లోకి లాక్కెళ్ళి చివాట్లు పెడుతుంది. ఆ ఘట్టంతో మొదలెట్టండి. హాస్టల్ మెస్సులో తిన్న పిల్లలకు ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది.

గజపతినగరం అమ్మాయి

మేడమ్, నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు కులం మీద పాఠం వచ్చింది. “నువ్వు చెప్పమ్మా, నీకు తెలుస్తుంది కదా” అన్నారు మా లెక్చరర్. క్లాసంతా నావైపు తిరిగింది. మర్నాటి నుంచి నాతో అందరూ తెగ మంచిగా ఉండటం మొదలెట్టారు. క్యారేజీలో కూరలు తెచ్చి పెట్టేవారు. అంతకుముందు నాతో పోట్లాడే స్నేహితురాలు పోట్లాడటం మానేసింది. నాకు అదే ఎక్కువ బాధ.

మీ పిల్లలు టామ్ పేరు రాయలేదన్నారు. జైలు కంచె ఎక్కుతుంటే పదిహేడు తూటాలు దిగిన మనిషి చోటు ఎవరు కోరుకుంటారు మేడమ్? నాలాంటి పిల్ల ఉంటే అసలు రాయదు. కోర్టు హాల్లోని బాల్కనీ గురించి అడగండి. లాయరుగారి పిల్లలకు కింద చోటు దొరక్కపోతే నల్లవాళ్ళు కూచునే బాల్కనీలోకి వెళ్తారు. నలుగురు లేచి ముందు వరస సీట్లు వాళ్ళకిస్తారు. టామ్ కేసు స్కౌట్ చూసింది ఆ సీట్లోంచే. ఆ నలుగురూ ఎక్కడ నిలబడి చూశారో మీ వాళ్ళనడగండి.

ఇంగ్లిష్ మేడమ్, రాజాం

ఆ నలుగురి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు తల్లీ. సోమవారం బాల్కనీ, ఆ వారంలోనే తీర్పు. లక్ష్మీపేట మాట నేనుగా ఎత్తను, పిల్లలే ఎత్తితే ఆపను. ఎవర్నీ పేరు పెట్టి లేపను. వకీలు గారూ, సెషన్స్ తీర్పు నమూనా ఒకటి పెట్టగలరా? అభియోగం, సాక్షులు, కారణాలు ఏ వరసలో రావాలో బోర్డు మీద రాసిస్తాను.