అప్‌డేట్: నా 1889 సీసీ మోర్గన్ డాలర్ గ్రేడింగ్ అయి వచ్చింది

ఇక్కడ డాలస్‌లో ఒక గరాజ్ సేల్‌లో దొరికిన మోర్గన్ డాలర్ (పాతకాలపు అమెరికా వెండి నాణెం) ఎంత చేస్తుందని పోయిన నెల అడిగాను కదా, అసలుదో కాదో, ఎంత అరిగిందో చూసి గ్రేడ్ ఇచ్చేవాళ్ళకి పంపితే ఫలితం వచ్చింది. నాణెం అసలుదే. వెనకవైపు గద్ద బొమ్మ కింద ఉన్న 'సీసీ' (కార్సన్ సిటీ టంకశాల గుర్తు) అక్షరాలు ఎవరో తర్వాత అతికించారేమో అని కొందరు అనుమానపడ్డారు, నాకూ అదే టెన్షన్. కాదట, కార్సన్ సిటీలో ముద్రించిందే. బరువు 26.7 గ్రాములు.

కానీ గ్రేడ్ నంబరు ఇవ్వలేదు. 'ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్' అని రాసి పంపారు, అంటే అరుగుదల తక్కువే కానీ ఎవరో తోమారు అని. ముందువైపు స్త్రీ బొమ్మకి చెవి పైన జుట్టు పాయలు, గద్ద రొమ్ము మీది ఈకలు కొద్దిగానే అరిగాయి. తోమకుండా ఉంటే 70కి 40, 45 పడేది. లైటు కింద కాస్త వాల్చి చూస్తే మాత్రం బొమ్మ బుగ్గ మీద అన్నీ ఒకే వైపుకి సన్నటి గీతలు. అదెవరి పనో నాకు తెలుసు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ, లక్ష్మీపూజలో పెడదామని విభూతితో తళతళా తోమేసింది!

1889లో కార్సన్ సిటీలో కొట్టినవి 3,50,000 మాత్రమే కాబట్టి వెండి ధర కంటే చాలా ఎక్కువే పలుకుతుంది, తోమనిదానికి వచ్చేంత రాదు. ప్రస్తుతానికి అమ్మట్లేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు.