చర్చ: స్కోరు చూసి ఐసీయూ పడక ఎవరికివ్వాలో తేల్చవచ్చా?

క్యాజువాలిటీ వైద్యురాలు
మా విభాగంలో ఒక వాదన ఎంతకీ తెగడం లేదు. ఐసీయూలో ఒక్క పడకే ఖాళీగా ఉంది, తీవ్రంగా గాయపడ్డవారు ఇద్దరు వచ్చారు. బతికే అవకాశాన్ని స్కోరుతో లెక్కగట్టి, ఎక్కువ వచ్చినవారికే పడక ఇవ్వాలంటారు కొందరు. నేను ఒప్పుకోను. ప్రాణం మీదికి వచ్చిందని హెచ్చరించడానికి స్కోరు కావాలి, మనిషిని వదిలేయడానికి అది చాలదు.

గాయ తీవ్రత స్కోరునే తీసుకోండి. 1974లో వచ్చిన ఈ పద్ధతిలో శరీరాన్ని ఆరు భాగాలుగా చూస్తారు. ప్రతి గాయానికీ తీవ్రతను బట్టి ఒక అంకె ఇస్తారు, అంకె పెద్దదైతే గాయం తీవ్రమని అర్థం. ఎక్కువ దెబ్బతిన్న మూడు భాగాల్లో ఒక్కోదాని నుంచి అన్నిటికన్నా పెద్ద గాయపు అంకెను తీసుకుని, వర్గం చేసి కలుపుతారు. గరిష్ఠం 75. రెండు తొడ ఎముకలూ విరిగినవారికి ఒక్కో ఎముకకు అంకె 3. రెండూ ఒకే భాగం కిందికి వస్తాయి కాబట్టి ఒకటే లెక్కకు వస్తుంది, మొత్తం 9. తొడల్లోకి రక్తం ధారగా పోతున్నా కాగితం మీద 9! భాగాలతో పనిలేకుండా మూడు పెద్ద గాయాలను లెక్కించే 1997 నాటి కొత్త రూపంలో అదే మనిషికి 18. పైగా గాయాలన్నీ తేలేది స్కాన్లు, ఆపరేషన్ అయ్యాక. పడక సంగతి అంతకు ముందే తేల్చాలి.

లెక్కల పక్షం
స్కోరు వద్దంటే మిగిలేది ఏమిటో కూడా చెప్పండి. అలసిపోయిన డాక్టరు అంచనా, గట్టిగా అరిచే బంధువులు, సిఫారసులు. స్కోరు ఎవరి మనిషని అడగదు. 1987 నాటి ట్రిస్ పద్ధతి గాయాల తీవ్రతకు రక్తపోటు, ఊపిరి వేగం, స్పృహ, వయసు, గాయం తీరు జతచేసి బతికే అవకాశం చెబుతుంది. ఆ అవకాశం సగానికి పైగా ఉండి కూడా చనిపోయినవారి కేస్ షీట్లను మళ్లీ తెరిచి చూసే అలవాటు దీనితోనే బలపడింది. అది చిన్న మేలు కాదు.

ఐసీయూ నర్సు
ఆ అంకె ఎలా పుడుతుందో రోజూ చూస్తాను కాబట్టి రాస్తున్నాను. స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేల్‌లో కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. గొంతులో గొట్టం ఉన్నవారు మాట్లాడలేరు. అక్కడ ‘పరీక్షించలేము’ అని రాయాలి. హడావిడిలో 1 వేస్తారు. కళ్లు తెరిచి, చెప్పగానే చెయ్యి పైకెత్తే మనిషి 11 అయిపోతారు. తర్వాతి షిఫ్టులో ఆ 11 చూసినవారు మెదడు దెబ్బతిందనుకుంటారు. మూడు అంకెలూ విడిగా రాయనిచోట మొత్తాన్ని నేను నమ్మను.

వైద్య విద్యార్థి
అలాగైతే షాక్ ఇండెక్స్ మేలు కదా మేడమ్? నాడిని పై రక్తపోటుతో భాగించడమే. మామూలుగా 0.5 నుంచి 0.7. నాడి 118, రక్తపోటు 112 అయితే 1.05. రక్తపోటు బాగానే ఉన్నట్టు కనిపించినా లోపలి రక్తస్రావాన్ని ఇది పట్టిస్తుంది.

క్యాజువాలిటీ వైద్యురాలు
యువకుల్లో బాగా పట్టిస్తుంది. రోజూ బీపీ 160 ఉండి, బీటా బ్లాకర్ మాత్ర వేసుకునే పెద్దాయన సంగతి చూడండి. నాడి 84, రక్తపోటు 112, భాగిస్తే 0.75. ఎవరూ కంగారుపడరు. మాత్ర ఆయన గుండెను వేగంగా కొట్టుకోనివ్వదు, 112 ఆయనకు చాలా తక్కువ. పెద్దవాళ్ల ప్రమాదాన్ని మనం ఇలాగే ఆలస్యంగా గుర్తిస్తాం, నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ట్రిస్‌లో వయసుకు 55 దగ్గర ఒకే గీత గీశారు. 54కూ 55కూ తేడా ఉంటుంది, 55కూ 85కూ ఉండదు.

లెక్కల పక్షం
గీతలను సవరించుకోవచ్చు. నాకు అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. మెదడు గాయంలో బతికే అవకాశపు స్కోరు బాగా తక్కువని వెంటిలేటర్ తీసేస్తే మనిషి పోతారు. ఆ మరణం స్కోరు చెప్పింది నిజమైనట్టే నమోదవుతుంది, తర్వాతి లెక్క దాని నుంచే నేర్చుకుంటుంది. ఎంత డేటా పోసినా ఆ తప్పు దానంతటదే పోదు. పైగా 30 శాతం అంటే అలాంటి వందమందిలో దాదాపు 30 మంది బతుకుతారని. ఈ ట్రాలీ మీద ఉన్నవారు ఆ 30 మందిలో ఒకరో కాదో అది చెప్పదు. అందుకే స్కోరు మనిషిని జాబితాలో పైకి జరపవచ్చు, కిందికి జరపకూడదు అంటే ఒప్పుకుంటాను. కానీ ఒక్క పడకే ఉన్నప్పుడు ఒకరు పైకి జరిగితే ఇంకొకరు కిందికి జరిగినట్టే. అక్కడ ఏం చేస్తారు?

క్యాజువాలిటీ వైద్యురాలు
వెంటనే సరిచేయగలిగిన గాయం ఎవరిదో చూస్తాను. పగిలిన ప్లీహం, ఛాతీలో చేరి గుండెను నొక్కుతున్న గాలి వంటివి ఉన్నవారి స్కోరు ఘోరంగా ఉంటుంది. సమయానికి చెయ్యి పడితే చాలామంది తేరుకుంటారు. ‘ఇది ఆపగలిగే రక్తస్రావమేనా’ అనే గడి ట్రిస్‌లో లేనే లేదు. రెండోవారిని ఆపరేషన్ థియేటర్ రికవరీ గదిలో వెంటిలేటర్ మీద ఉంచి, గంటగంటకూ మళ్లీ పరీక్షిస్తాను. తీవ్రమైన మెదడు గాయమైతే 72 గంటలు గడవకముందు చికిత్స ఆపే మాట ఎత్తను.

ఐసీయూ నర్సు
ఆ రికవరీ గదిలో వారికోసం ఒక నర్సును విడిగా వేయాలి. అప్పటికే ఐదుగురిని చూస్తున్నవారికి అప్పగిస్తే గంటగంటకూ పరీక్షించడం కుదరదు.