అమ్మ హౌసింగ్ బెనిఫిట్ ఆపేశారు, తెనాలి ఇంట్లో వాటా ఉందని

తెనాలి_అబ్బాయి:
అమ్మకి 71. బ్రిటిష్ సిటిజన్, లండన్‌లో అద్దె ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటుంది. అద్దెకి సాయంగా కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) హౌసింగ్ బెనిఫిట్ ఇచ్చేది. పోయిన వారం వాళ్ల నుంచి లెటర్ వచ్చింది. తెనాలి దగ్గర తాతయ్య ఇంట్లో సగం వాటా ఉంది కాబట్టి ఆస్తి 16,000 పౌండ్ల పరిమితి దాటిందట, బెనిఫిట్ ఆపేశారు. పైగా ఇన్నాళ్లూ ఎక్కువ ఇచ్చామని 4,860 పౌండ్లు వెనక్కి కట్టమన్నారు. ఆ ఇంట్లో పెద్దమ్మ ఉంటోంది, ఇల్లు అమ్మే ప్రసక్తే లేదు. అమ్మ రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

లెస్టర్_అక్క:
ముందు లెటర్ మీద తేదీ చూడు తమ్ముడూ. అప్పీల్‌కి గడువు ఆ తేదీ నుంచి నెల, నీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు. మా లెటర్లో ఆ ముక్క రెండో పేజీ అడుగున చీమల బారులా ఉంది. నేను చూడకుండా మడిచి డ్రాయర్లో పడేశా. తర్వాత ఆలస్యానికి కారణం రాసుకుని అప్పీల్ చేయాల్సొచ్చింది. సరైన కారణం ఉంటే 13 నెలల దాకా తీసుకునే వీలుంది గానీ, తీసుకునేదాకా టెన్షన్ మనదే. ఫోన్లో మొరపెట్టుకుని ఊరుకోకు, రాసి పంపు.

స్లౌ_మూర్తి:
పెద్దమ్మ అంటే అమ్మకి సొంత అక్కేనా? వయసెంత? అమ్మకి గ్యారంటీ పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే సాయం) వస్తోందా? వస్తుంటే ఈ 16,000 గొడవే ఉండదు.

తెనాలి_అబ్బాయి:
సొంత అక్కే, 74. పెన్షన్ క్రెడిట్ రావట్లేదండీ.

స్లౌ_మూర్తి:
అయితే పట్టు దొరికింది. పెన్షన్ వయసు దాటిన సొంత అక్క ఆ ఇంట్లో కాపురం ఉంటే దాన్ని ఆస్తిలో లెక్కెయ్యకూడదు, ఇల్లు ఇండియాలో ఉన్నా సరే. ఒకవేళ లెక్కేసినా సగం వాటా అంటే ఇంటి ధరలో సగం కాదు. పెద్దమ్మ ఉన్న ఇంట్లో సగం ఎవడు కొంటాడు? అమ్మకం ఖర్చులకి 10 శాతం కూడా తీసెయ్యాలి. యూనివర్సల్ క్రెడిట్‌లోలా (అది పెన్షన్ వయసు రానివాళ్లకిచ్చే సాయం) ముందు రీకన్సిడరేషన్, అంటే నిర్ణయం మళ్లీ చూడమని, అడిగి తీరాలని లేదు. అప్పీల్ కౌన్సిల్‌కే పంపు, వాళ్లు నిర్ణయం మార్చకపోతే వాళ్లే దాన్ని ట్రిబ్యునల్‌కి (ఇలాంటి అప్పీళ్లు వినే కోర్టు లాంటిది) పంపాలి. ఫీజు లేదు.

కొత్త_కాపురం:
మా మామయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చారు. ఆయనకి ఈ బెనిఫిట్ అడగొచ్చా?

లెస్టర్_అక్క:
వద్దమ్మా. ఆ వీసాకి పబ్లిక్ ఫండ్స్, అంటే ఇలాంటి ప్రభుత్వ సాయాలు, ఉండవు, అడిగితే వీసాకే ఎసరు.

తెనాలి_అబ్బాయి:
రెండు నెలల తర్వాత వస్తున్నా. పెద్దమ్మ వాట్సాప్‌లో పంపిన ఇంటిపన్ను రసీదు మీద పసుపు మరక, పేరేమో తాతయ్యది. పనికిరాలేదు. తన పేరున ఉన్న కరెంటు బిల్లు, పుట్టిన తేదీకి ఆధార్ పంపింది. తెలుగు ముక్కలకి ఇంగ్లిష్ అనువాదం చేయించి జత చేశాం. ట్రిబ్యునల్ దాకా వెళ్లలేదు, కౌన్సిలే నిర్ణయం మార్చుకుంది. 4,860 కూడా రద్దు. కానీ కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటిపన్ను లాంటిది) తగ్గింపు మాత్రం ఇంకా ఆపే ఉంచారు!

స్లౌ_మూర్తి:
దానిది వేరే దారి. దానికి విడిగా కౌన్సిల్‌కి రాయి. రెండు నెలల్లో తేల్చకపోతే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కి (కౌన్సిల్ ట్యాక్స్ గొడవలు వినేది) వెళ్లు. అవే కాగితాలు సరిపోతాయి, పారెయ్యకు.