ఇద్దరికీ హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, గుండెకు ముప్పు కూడా ఒకటేనా? హార్మోన్లు వాడవచ్చా?

ప్రశ్న: నల్లకుంట గృహిణి

అందరికీ నమస్కారం. నాకు 50 ఏళ్ళు, మా వారికి 54. కిందటి నెలలో మా అబ్బాయి పట్టుబట్టడంతో ఇద్దరమూ ఒకే రోజు, ఒకే ల్యాబులో మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాము. ఇద్దరికీ హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. ఇది ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ అని, మందులు ఇప్పుడే వద్దని, బరువు తగ్గించుకొని ఆరు నెలల తరువాత మళ్ళీ చూపించమని డాక్టరు గారు చెప్పారు. అంతవరకు మాకు అర్థమైంది.

మా వారు ఉదయం పూట ఇందిరా పార్కులో నడుస్తారు. ఈ మధ్య నీరసంగా ఉంటోందని తోటివారితో అంటే, ఒకాయన అది టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను తగ్గడం వల్లనేనని, ఇంజక్షన్లు వేయించుకుంటే షుగరు దానంతటదే దిగుతుందని, గుండె కూడా గట్టిపడుతుందని చెప్పారట. ఈయన ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి వస్తూ పరీక్ష చేయించుకున్నారు. డెసిలీటరుకు 262 నానోగ్రాములు అని, పక్కన ‘తక్కువ’ అని ఎర్ర అక్షరాలతో వచ్చింది. ఆ కాగితం చూసినప్పటి నుంచి ఆయన మనసు మనసులో లేదు.

ఇక నాకు నెలసరి ఆగిపోయి ఏడాదిన్నర అయింది. రాత్రి రెండింటికి ఒంట్లోంచి ఆవిర్లు తన్నుకొచ్చి, జాకెట్టు తడిసిపోయి లేచి కూర్చోవలసి వస్తోంది. ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను మాత్రలు వాడితే ఆవిర్లూ తగ్గుతాయి, గుండెకూ రక్షణ అని మా ఆడపడుచు అంటోంది. మా అమ్మ షుగరు ఉండి 63వ ఏట గుండెపోటుతో పోయింది. ఆ రోజు మేమంతా గ్యాసు నొప్పి అనుకొని సోడా తాగించాము. అందుకే ఇంత వివరంగా అడుగుతున్నాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: తార్నాక మాస్టారు

అమ్మా, నేను చాలా ఏళ్ళు బయోకెమిస్ట్రీ పాఠం చెప్పి విరమించినవాణ్ణి. వైద్యుణ్ణి కాను కనుక మందుల సంగతి మీ డాక్టరు గారికే వదిలి, ఒంట్లో జరిగేది మాత్రం చెబుతాను.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. అది సుమారు మూడు నెలల సగటు చక్కెరను మాత్రమే చెబుతుంది. ఆ సగటు వెనుక ఎంత ఇన్సులిన్ ఖర్చవుతోందో చెప్పదు. ఈ దశలో కండరాలూ కాలేయమూ ఇన్సులిన్ మాట సరిగా వినవు కాబట్టి క్లోమం మరింత ఇన్సులిన్‌ను వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్, కాలేయం తయారు చేసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీనును తగ్గిస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్‌నూ ఈస్ట్రోజన్‌నూ మోసుకు తిరిగే బండి అది. బండ్లు తగ్గితే మగవారిలో మొత్తం టెస్టోస్టిరాన్ అంకె తగ్గి కనిపిస్తుంది. కానీ బండి ఎక్కకుండా విడిగా తిరిగే భాగం, నిజంగా పనిచేసేది, ఒక్కోసారి సరిపడా ఉంటుంది. పైగా పొట్ట చుట్టూ చేరిన కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. అందువల్ల మీ వారి 262 అనేది చాలా సందర్భాల్లో పొట్ట పెరిగినందుకు వచ్చిన ఫలితమే. దాన్ని సాయంత్రం తీసిన రక్తంతో తేల్చడం అసలే కుదరదు. టెస్టోస్టిరాన్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది కాబట్టి ఉదయం 8, 10 గంటల మధ్య, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూడాలి.

ఆడవారిలో ఇదే ఇన్సులిన్ ఇంకో పని చేస్తుంది. అండాశయాలు పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేసేలా అది పురికొల్పుతుంది. పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉన్న అమ్మాయిలలో మనం చూసేది ఇదే. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, పురుష హార్మోన్లు మాత్రం మెల్లగా తగ్గుతాయి. కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది, చెడు కొలెస్టరాల్ అయిన ఎల్‌డీఎల్ పెరుగుతుంది. ఒకే వయసులో చూస్తే గుండెపోటు మగవారికే ఎక్కువగా వస్తుంది. అయితే ఆ విషయంలో స్త్రీకి ఉండే వెసులుబాటును మధుమేహం చాలావరకు మింగేస్తుంది. 2014లో 8 లక్షల 58 వేల మందికి పైగా వివరాలను కలిపి చూసినప్పుడు, మధుమేహం వల్ల గుండె రక్తనాళాల జబ్బు ముప్పు పెరిగే నిష్పత్తి పురుషుల్లో కంటే స్త్రీలలో 44 శాతం అధికంగా ఉన్నట్టు తేలింది. మీరింకా ఆ గీత దాటలేదు; దాటకుండా ఆపుకోవలసిన అవసరం మాత్రం మీకు మీ వారికంటే తక్కువేమీ కాదు.

ఇంకొక మాట. నెలసరి ఆగే ముందు ఏళ్ళలో మీకు రక్తం ఎక్కువగా పోయి ఉంటే ఇనుము కూడా చూపించుకోండి. ఇనుము లోపం ఉన్నవారికి హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా కాస్త ఎక్కువగా రావచ్చు.

జవాబు: మలక్‌పేట నుంచి, స్త్రీల వైద్యురాలు

మాస్టారు గారు చెప్పిన దానికి మందుల సంగతి కలుపుతాను. గుండెకు రక్షణ కోసం ఈస్ట్రోజన్ అనే నమ్మకం ఒకప్పుడు డాక్టర్లలోనే బలంగా ఉండేది. అమెరికాలో 16,608 మంది స్త్రీలతో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరీక్షలో ఈస్ట్రోజన్‌నూ, ప్రొజెస్టిరాన్ హార్మోనులా పనిచేసే ప్రొజెస్టిన్ అనే మందునూ కలిపి ఇచ్చినప్పుడు గుండెజబ్బు, పక్షవాతం, రక్తం గడ్డలు, రొమ్ము క్యాన్సర్ పెరగడంతో 2002లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. అయితే వారి సగటు వయసు 63 అని గుర్తుంచుకోవాలి. 60 ఏళ్ళ లోపు, నెలసరి ఆగి పదేళ్ళు దాటని ఆరోగ్యవంతులకు, మీలాగా ఆవిర్లతో నిద్ర లేనివారికి, ఆ బాధ తగ్గించడానికి మేము ఈస్ట్రోజన్ ఇస్తూనే ఉన్నాము. గుండె కోసమని మాత్రం ఇవ్వము. మింగే మాత్ర రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది, కాలేయం గుండా వెళ్ళడం వల్ల గడ్డల ముప్పు కూడా దానితో ఎక్కువ. అందుకే ప్రీడయాబెటిస్ ఉన్నవారికి చర్మం మీద రాసుకొనే జెల్ గాని, అంటించుకొనే పట్టీ గాని నాకు మెరుగనిపిస్తుంది. గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టిరాన్ తోడు తప్పనిసరి. రొమ్ము క్యాన్సర్ గాని, గుండెజబ్బు గాని, కాళ్ళలో గడ్డలు గాని ఇంతకుముందు వచ్చినవారు వీటి జోలికి పోకూడదు.

మీ డాక్టరు అడగకపోయినా మీ కాన్పుల సంగతి చెప్పండి. కడుపుతో ఉన్నప్పుడు షుగరు గాని బీపీ గాని వచ్చిందా, నెలసరి 45 ఏళ్ళ లోపే ఆగిందా అన్నవి గుండె ముప్పును అంచనా వేయడానికి ఎంతో పనికివస్తాయి. మీ అమ్మగారి విషయంలో మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఆడవారిలో గుండెపోటు ఛాతీనొప్పితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, వికారంగా, దవడ నొప్పిగా, వీపు నొప్పిగా, ఎన్నడూ లేని ఆయాసంగా వస్తుంది. షుగరు ఉన్నవారిలో నొప్పి మరీ మందగిస్తుంది. అలాంటిది ఇంట్లో ఎవరికి వచ్చినా ముందు 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించండి.

జవాబు: కూకట్‌పల్లి ఉద్యోగి

మీ వారికి నా అనుభవం చూపించండి. నాకు 52 ఏళ్ళు. రెండేళ్ళ కిందట ఇలాగే ఒక్క పరీక్షతో ఒక క్లినిక్‌లో టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. మొదట్లో హుషారుగానే ఉంది. ఆరో నెలలో ముఖం కందిపోయినట్టు ఎర్రగా ఉంటోందని మా ఆవిడ అంటే, పరీక్ష చేయించుకున్నాను. రక్తంలో ఎర్రకణాల శాతం, అంటే హెమటోక్రిట్, 56కు చేరింది. రక్తం చిక్కబడిందని వేరే డాక్టరు వెంటనే ఆపించారు. ఆస్ట్రేలియాలో 1,007 మంది మగవారితో జరిపి 2021లో ప్రచురించిన పరీక్ష సంగతి ఆయనే చెప్పారు. రెండేళ్ళ తరువాత ఉత్తుత్తి మందు తీసుకొన్నవారిలో 21 శాతానికి మధుమేహం ఉంటే, టెస్టోస్టిరాన్ తీసుకొన్నవారిలో 12 శాతానికే ఉందట. కానీ వీరిలో 22 శాతానికి హెమటోక్రిట్ 54కు చేరిందట. 2023లో వెలువడిన మరో పెద్ద పరీక్షలో గుండెపోట్లు పెరగలేదు, తగ్గనూ లేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో గడ్డలు మాత్రం కొంత ఎక్కువగా కనిపించాయి.

నా అసలు నీరసానికి కారణం గురక. నిద్రలో ఊపిరి ఆగుతోందని నిద్ర పరీక్షలో తేలింది. దానికి చికిత్స తీసుకొని, రాత్రి అన్నం సగానికి తగ్గించి, ఏడాదిలో 86 కిలోల నుంచి 77కు వచ్చాను. ఏ ఇంజక్షనూ లేకుండా టెస్టోస్టిరాన్ 270 నుంచి 395కు పెరిగింది, హెచ్‌బీఏ1సీ 5.6కు దిగింది. మీ వారికి గురక ఉందేమో మీకే బాగా తెలుస్తుంది.

తిరిగి: నల్లకుంట గృహిణి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. గురక ఉంది. పక్కగదిలో పడుకున్న మా అబ్బాయికి కూడా వినిపిస్తుంది. అది జబ్బు కావచ్చని మాకు ఏనాడూ తోచలేదు. మా రెండో కాన్పులో నాకు షుగరు వచ్చి, పురుడు కాగానే తగ్గిపోయింది. ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నిన్న టైలరు టేపుతో నడుములు కొలుచుకుంటే ఆయనకు 101 సెంటీమీటర్లు, నాకు 93 ఉన్నాయి. మనవాళ్ళకు మగవారికి 90, ఆడవారికి 80 దాటకూడదట. ఇంజక్షన్ల మాట ఆయన పక్కన పెట్టారు. సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఇద్దరమూ పరగడుపున ల్యాబుకు వెళుతున్నాము. ఆయనకు టెస్టోస్టిరాన్ మళ్ళీ, నాకు ఇనుము, ఇద్దరికీ కొలెస్టరాల్. ఆ కాగితాలతోనే నా ఆవిర్ల సంగతి స్త్రీల డాక్టరును అడుగుతాను. ఫలితాలు రాగానే ఇక్కడే రాస్తాను.