బట్టమేక పిట్ట: ఆడపిట్టను గుర్తుపట్టడమెలా? గుడ్డు కనబడితే ఏం చేయాలి?

బీడుబాట (ప్రశ్న): రోళ్ళపాడు అభయారణ్యం (నంద్యాల జిల్లా) చుట్టుపక్కల బీళ్ళలో బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) సర్వేకి కొత్తవాళ్ళు వస్తున్నారు. మగపిట్ట ఫోటోలు అందరూ చూసినవే. ఆడదాని దగ్గరే తడబడుతున్నారు, నెమలి పెట్టను చూసి కూడా బట్టమేక అనేస్తున్నారు. తేడా ఎక్కడ పట్టుకోవాలి? పొరపాటున గుడ్డు దగ్గరికి వెళ్తే?

జొన్నచేను: ముందు తల చూడమనండి. నెమలి పెట్టకు కుచ్చు, మెడ మీద ఆకుపచ్చ మెరుపు ఉంటాయి. బట్టమేకకు కుచ్చు బదులు నల్ల టోపీ. మగది మీటరు ఎత్తు, 8 నుంచి 14 కిలోలు. మెడ తెల్లన, రొమ్ముకు అడ్డంగా నల్లపట్టీ. ఆడది దాదాపు అందులో సగం బరువు, మెడలో బూడిద ఛాయ, పట్టీ తెగి ఉంటుంది లేదా అసలుండదు. అయితే ఎదుగుతున్న మగపిట్టా ఇలాగే ఉంటుంది కాబట్టి పట్టీ ఒక్కటే చూసి ఫారంలో 'ఆడ' అని రాయొద్దు. నేల నెమలి (బట్టమేకకు చుట్టమైన చిన్న పిట్ట) అయితే కోడంతే ఉంటుంది, దానితో పేచీ లేదు.

కాలికి మూడు వేళ్ళూ ముందుకే, వెనక వేలు లేదు. అందుకే కొమ్మ మీద వాలదు. చెట్టెక్కి కూర్చున్నది బట్టమేక కానే కాదు.

గడ్డిపరక: గుడ్డు సంగతి. గూడంటూ కట్టదు, వట్టి నేల మీద సాధారణంగా ఒక్కటే పెడుతుంది. మట్టిరంగు మీద గోధుమ మరకలు, రెండడుగుల్లో ఉన్నా కంటికి ఆనదు. పొదిగేది ఆడదే, సుమారు 27 రోజులు. కాళ్ళు వేలాడేసుకుని వంకరటింకరగా తక్కువ ఎత్తున ఎగిరిందంటే మిమ్మల్ని దారి మళ్ళిస్తోందని అర్థం. అక్కడే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. ఫోటో కోసం వంగొద్దు. తల్లి లేచిపోతే కాకులకు సందు దొరుకుతుంది, పశువులూ తొక్కేస్తాయి. దూరం వచ్చాక జీపీఎస్ పాయింట్ నోట్ చేసి అటవీ రేంజ్ ఆఫీసుకు చెప్పండి. గ్రూపుల్లో లొకేషన్ మాత్రం పెట్టకండి.

బీడుబాట: మగది కూత ఎంత దూరం వినిపిస్తుంది?

జొన్నచేను: గొంతు సంచి ఉబ్బించి, తోక వీపు మీదికి ఎత్తి బొంగురుగా మూలుగుతుంది. అర కిలోమీటరు దాకా వినొచ్చు.

ఎర్రమిట్ట: పిట్ట కనబడకపోయినా ఫారం ఖాళీగా ఇవ్వొద్దు. కరెంటు తీగలు, ఊరకుక్కలు, బీడులో నాటిన మొక్కలు, అన్నీ రాయండి. బట్టమేకకు ఎదురుగా ఉన్నది సరిగ్గా కనబడదు, పైగా బరువు. తీగ దగ్గరికొచ్చాక పక్కకు తిరగలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలను భూమిలోకి మార్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పిందీ అందుకే. 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. మన దగ్గర నాకు ఎక్కువ కోపం మొక్కల మీదే. బీడు 'ఖాళీ'గా ఉందని చెట్లు పెంచితే, చుట్టూ దూరంగా చూసి బతికే పిట్టకు ఆ చోటు పనికిరాదు.