ఇంకే ఇంకు, ఇగిరే ఇంకు

అడిగినవారు: కరెంటు పారితే తామే వెలిగే సేంద్రియ పదార్థాలతో చేసే ఓఎల్ఈడీ తెరల తయారీ మీద ఒక పత్రికకు వ్యాసం రాస్తున్నానండీ. గాజు మీద ప్రింటర్‌తో చుక్కలుగా వేసే పదార్థాన్ని 'సిరా' అందామా, 'ఇంకు' అనే ఉంచేద్దామా? కాగితంలోకి ఇంకుతుంది కాబట్టే ఇంకు, అసలు అది మన మాటే అని మా మాస్టారు చెప్పేవారు. నిజమేనా?

ఒక సభ్యురాలు: సిరా అనండి, హాయిగా ఉంటుంది. ఇంకా పాతది కావాలంటే 'మసి' ఉండనే ఉంది. సిరాబుడ్డిని మసిబుర్ర అనేవారు.

సిరాల ల్యాబ్‌లో పనిచేసే సభ్యుడు: మాస్టారి మాట వినడానికి బాగుంది కానీ వ్యుత్పత్తి అది కాదు. ఇంగ్లీషు ఇంక్ పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ 'ఎన్‌కౌస్టుమ్' నుంచి వచ్చింది. దాని వెనకున్న గ్రీకు మాటకు 'లోపలికి కాల్చి దింపినది' అని అర్థం. రోమన్ చక్రవర్తులు సంతకాలకు వాడిన ఊదా సిరాకు ఆ పేరుండేది. మన 'ఇంకు' క్రియ వేరు. చెరువు ఇంకింది, ఇంకుడు గుంత తవ్వించారు అంటాం చూడండి, అది. రెండూ ఒకేలా వినబడటం కేవలం కాకతాళీయం.

అయితే తమాషా ఏమిటంటే, మీరు రాస్తున్న ఇంకు అస్సలు ఇంకకూడదు! గాజు మీద ఒక్కో పిక్సెల్‌కు చుట్టూ చిన్న గట్టు ఉన్న గుంట ఉంటుంది. అందులో కొన్ని పికోలీటర్ల చుక్కలు పడతాయి. చుక్కలో దాదాపు అంతా ద్రావణియే, అంటే పదార్థాన్ని కరిగించే ద్రవమే. వెలుగునిచ్చే పదార్థం నూటికి ఒకటో రెండో పాళ్లు. ద్రావణి పోయాక మిగిలే పొర మందం కొన్ని పదుల నానోమీటర్లు. కింద అప్పటికే వేసిన పొర ఒకటుంటుంది. కొత్త చుక్కలోని ద్రావణి అందులోకి ఇంకిందా, ఆ పొర కరిగి రెండూ కలిసిపోతాయి. అందుకే కింద పెడాట్ లాంటి నీటిలో కలిపి వేసే పాలిమర్ పొర ఉంటే, పైదానికి దాన్ని కరిగించని అనిసోల్ లాంటి సేంద్రియ ద్రావణులు వాడతారు. లేదా కింది పొరను వేడిచేసి, అణువులు ఒకదానికొకటి ముడిపడి ఇక కరగకుండా చేస్తారు.

ఇంకకుండా ఏం చేయాలి మరి? ఇగరాలి. కూరలో నీళ్లు ఇగిరేదాకా ఉంచమంటామే, ఆ ఇగరడం. ద్రావణి పైకి పోవాలి, సరుకు అడుగున మిగలాలి. మా పనిలో సగం టెన్షన్ ఇక్కడే. చుక్క అంచుల దగ్గర త్వరగా ఇగురుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని ద్రవం సరుకుతో సహా అంచులకు పారుతుంది. కాఫీ చుక్క ఆరాక చుట్టూ ముదురు వలయం మిగిలేది ఇందుకే. 1997లో షికాగో శాస్త్రవేత్తలు దీన్ని వివరించారు. పిక్సెల్‌లో అదే జరిగితే అంచు మందం, మధ్య పలచన, వెలుగు సమంగా రాదు. అందుకే త్వరగా ఇగిరేదీ నిదానంగా ఇగిరేదీ కలిపి వాడతాం. తలతన్యతలో తేడా పుట్టి ప్రవాహం వెనక్కి మళ్లేలా పాళ్లు చూసుకోవాలి. మరీ త్వరగా ఇగిరేదైతే ప్రింటర్ నాజిల్ దగ్గరే గడ్డకట్టి మూసుకుపోతుంది. గుంటలో ఇగరాలి, నాజిల్‌లో ఇగరకూడదు!

ఇంకు మరీ పలచనైతే నాజిల్ నుంచి పడే చుక్క వెనక పిల్ల చుక్కలు పుడతాయి. పొడవాటి పాలిమర్ ఎక్కువైతే తీగ సాగుతుంది. 'తీగ సాగడం' కూడా రాసుకోండి, పనికొస్తుంది.

మరొకరు: ఇది కాగితానికి రంగు వేయదు కదా, తానే వెలుగుతుంది. దాన్ని సిరా అనడం నాకు నప్పడం లేదు.

ల్యాబ్ సభ్యుడు: నాకూ అంతే. సిరా అనగానే రాత గుర్తొస్తుంది. 'ఇంకు' అని రాసి, మొదటిసారి వచ్చినచోట 'ముద్రణకు వాడే ద్రావణం' అని చెబితే సరిపోతుంది. ఇంకో సంగతి: తెరలన్నీ ఇలాగే ముద్రిస్తున్నారని మాత్రం రాయకండి. 1987లో కోడాక్‌లో టాంగ్, వాన్ స్లైక్ చూపిన దారిలో పదార్థాన్ని శూన్యంలో ఆవిరి చేసి అద్దడమే నేటికీ ఎక్కువ. మన ఫోన్ల తెరలు అలాంటివే. ద్రావణంగా పూసి చేసిన పాలిమర్ పొర వెలుగుతుందని 1990లో కేంబ్రిడ్జ్‌లో తేలాకే ముద్రణ మీద ఆశ పుట్టింది. అది లాభాల్లోకి రావడం తేలిక కాలేదు. సోనీ, పానసోనిక్ విభాగాలు కలిసి 2015లో ఏర్పడిన జపాన్ కంపెనీ జేఓలెడ్ ముద్రించిన తెరలను అమ్మకానికి తెచ్చింది కానీ, 2023లో దివాలా తీసింది.

అడిగినవారు: ఇంకు ఖాయం చేశానండీ. ఇగిరాక మిగిలే పొరను 'ఇగురు' అనవచ్చా?

ల్యాబ్ సభ్యుడు: వద్దు మహాప్రభో, రొయ్యలు గుర్తొస్తాయి. పొర చాలు.