స్టాండప్ రాత్రి తొమ్మిదిన్నరకు మారింది, స్వైప్ మాత్రం పొద్దున పదికే!

కొండాపూర్ టెస్టర్: క్లయింటు చికాగో. మొన్నటిదాకా స్టాండప్, అదే వాళ్లతో రోజూ పని ఎంతవరకొచ్చిందో చెప్పుకునే మీటింగ్, రాత్రి ఎనిమిదిన్నరకు, ఎలాగో లాక్కొచ్చా. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకున్నారు, మనకు తొమ్మిదిన్నరైంది. పేరుకి పావుగంటే. "ఒక్క నిమిషం ఉండమ్మా" అని పట్టుకుంటే పదిన్నర. హాస్టల్లో అప్పటికి గిన్నెలు కడిగేస్తారు. ఆంటీ దయతలిస్తే ఓ ప్లేటు మూతపెట్టి ఉంచుతుంది, చారు మాత్రం మిగలదు. ఇంత చేసీ పొద్దున పదికల్లా రాయదుర్గం ఆఫీసులో హాజరు కార్డు స్వైప్ పడాలి, లేదంటే హాఫ్ డే లీవు. నేను టెస్ట్ చేయాల్సిన బిల్డ్ (సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్) సాయంత్రానికిగానీ రాదు. అందాకా సీట్లో కునికిపాట్లు పడటం ప్రొడక్టివిటీ అట! పన్నెండుకి వస్తానని మేనేజర్‌ని ఎలా అడగాలి? మంచాయనే, కానీ "అందరూ చేస్తున్నారు కదమ్మా" అంటాడు.

డల్లాస్ అన్న: చెల్లీ, ముందు మీటింగ్ టైమే మార్చమను. నేను ఇవతలి వైపు కూర్చునేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఇక్కడ పదికి పెట్టేది అలవాటు కొద్దీ. ఎనిమిదికి పెడితే మీకు ఏడున్నర. అక్కడ ఎన్నింటికి భోంచేస్తారో ఇక్కడ ఎవరికీ తట్టదు, మీ మేనేజర్లూ నోరు విప్పరు.

జీవో పిచ్చోడు: తెలంగాణ 2025 జులైలో ఇచ్చిన ఉత్తర్వు చూడండి. వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చు, కానీ వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ కట్టాలి. రాత్రి కాలూ పనే. టైమ్‌షీట్‌లో ఎక్కించండి.

కొండాపూర్ టెస్టర్: రోజుకు ఎనిమిది గంటలు దాటి వేస్తే ఆ గడి ఎర్రబడుతుందండీ, సబ్మిట్ కాదు.

జీవో పిచ్చోడు: భలే ఏర్పాటు! అయితే మీటింగ్ ఇన్వైట్లన్నీ దాచి పెట్టుకోండి.

టీమ్ లీడ్ అక్క: ఒక్కదానివే అడిగితే "కంప్లయింట్ బాక్స్" అని పేరు పడుతుంది. మా టీమ్‌లో వంతులు వేసుకున్నాం. రోజుకొకరు కాల్‌లో ఉంటారు, మిగతావాళ్లు సాయంత్రమే అప్‌డేట్ టైప్ చేసి పంపుతారు. వంతు పడ్డవాళ్లు మర్నాడు మధ్యాహ్నం వస్తారు. ఆ మాట మెయిల్లో పెట్టించుకో, నోటిమాట అప్రైజల్ దాకా నిలవదు.

కొండాపూర్ టెస్టర్: వంతుల ఐడియా బాగుందక్కా, రేపు లంచ్‌లో మిగతావాళ్లతో మాట్లాడతా. డల్లాస్ అన్నా, ఎనిమిదికి మారిస్తే మార్చిలో మళ్లీ ఆరున్నరౌతుంది. అప్పుడు బయోడైవర్సిటీ జంక్షన్‌లో క్యాబ్‌లోంచి మాట్లాడాలా?

డల్లాస్ అన్న: ఆఫీసులోనే ముగించుకుని బయల్దేరమ్మా. ఎలాగూ ఏడున్నర దాకా అక్కడ బండి కదలదు.